డబ్బు తీర్చే భయం – డబ్బు పెట్టే భయం

మన వసతి గృహాల్లో వక్తృత్వ పోటీలు పెడితే "ధనం గొప్పదా? గుణం గొప్పదా?" అన్న అంశం రాని సంవత్సరం ఉండదు. ఒకరు లేచి, డబ్బుంటే కొండ మీది కోతి కూడా దిగివస్తుందని వాదిస్తారు. ఇంకొకరు లేచి, డబ్బుతో పరుపు కొనగలం గానీ నిద్ర కొనలేమని, మందులు కొనగలం గానీ ఆరోగ్యం కొనలేమని అంటారు. చప్పట్లు ఇద్దరికీ పడతాయి. బహుమతి మాత్రం చాలాసార్లు రెండోవారికే వెళ్తుంది. న్యాయనిర్ణేతలుగా వచ్చిన పెద్దలకు ఆ మాట వినసొంపుగా ఉంటుంది.

మేము ఆ రెండో మాటతోనే పేచీ పెట్టుకోదలిచాం. పరుపు ఉండి నిద్ర పట్టనివాళ్ళు ఆ మాట అనుకోవచ్చు. మన ఇళ్ళలో నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం చేతిలో డబ్బు లేకపోవడమే. శనివారం వడ్డీ కట్టాలి, సోమవారం చెల్లెలి పరీక్ష ఫీజు కట్టాలి, నాన్నకు ఈ వారం కూలి దొరకలేదు. ఇలాంటి ఇంటికి వెళ్ళి "డబ్బులో సుఖం లేదు నాయనా" అని చెప్పడం, పస్తున్నవాడికి భోజనం మితంగా చేయమని సలహా ఇచ్చినట్లే ఉంటుంది.

అలాగని డబ్బే సర్వస్వమని కూడా మేము అనబోవడం లేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. డబ్బు పేదవాడికి ఇచ్చే మొదటి సుఖం, రేపటి గురించిన భయం తగ్గడం. సమాజానికి మేలు చేస్తున్నామని చెప్పుకొని నడిచే ఏ వ్యాపారాన్నైనా మనం ఆ కొలతతోనే కొలవాలి. ఇక్కడ చదువు ముగించుకొని ఉద్యోగాలకో, సొంత వ్యాపారాలకో వెళ్ళబోయే మనకు ఈ కొలత చాలా అవసరం.

పండితులు ఏమంటున్నారు?

డబ్బుకు, సంతోషానికి సంబంధం గురించి ఆర్థికవేత్తలు చాలాకాలంగా తర్జనభర్జన పడుతున్నారు. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. ఒక దేశంలో ఏ సమయంలో అడిగినా, పేదలకంటే ధనికులే తాము సంతోషంగా ఉన్నామని ఎక్కువగా చెబుతారు. కానీ దేశం మొత్తం ఆదాయం ఏళ్ళ తరబడి పెరిగినా, ప్రజల సగటు సంతోషం ఆ మేరకు పెరగడం లేదు. పక్కవాడితో పోల్చుకోవడం, వచ్చినదానికి అలవాటుపడిపోవడం ఇందుకు కారణాలని చెబుతారు.

2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పండితులు అమెరికాలో నాలుగున్నర లక్షలకు పైగా సమాధానాలను పరిశీలించారు. ఏటా సుమారు 75 వేల డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందని తేల్చారు. ఆ ఆదాయం దాటినా, తమ జీవితం ఎలా ఉందని అడిగితే ఇచ్చే మార్కులు మాత్రం పెరుగుతూనే పోయాయి. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే యువ పరిశోధకుడు 33 వేల మందికి పైగా ఉద్యోగుల సమాచారంతో, రోజువారీ సంతోషం కూడా ఎక్కడా ఆగడం లేదని ఎదురు చెప్పారు. అప్పుడు ఆ పెద్దాయన, ఈ యువకుడు పోట్లాడుకోకుండా బార్బరా మెల్లర్స్ అనే ఆచార్యురాలిని మధ్యవర్తిగా పెట్టుకొని కలిసి లెక్కలు చూశారు. 2023లో వాళ్ళు చెప్పిందేమిటంటే, ఎక్కువమందికి ఆదాయంతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంటుంది. అందరికంటే దిగులుగా ఉన్న సుమారు 20 శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే కొన్ని దుఃఖాలను డబ్బు తీర్చలేదు. మిగిలిన చాలావాటిని తీరుస్తుంది.

ఇవన్నీ డాలర్ల లెక్కలు, మనకు దూరం అనుకుంటే, మన పక్క రాష్ట్రంలో జరిగిన ఒక పరిశోధన ఉంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంట చేతికి రాకముందు ఒకసారి, పంట డబ్బు వచ్చాక ఒకసారి పరీక్షించారు. చెరకు డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. కాబట్టి అదే మనిషి కొన్ని నెలలు పేదవాడు, కొన్ని నెలలు కాస్త ఉన్నవాడు. పంటకు ముందు ఆ రైతులకు తాకట్లు, అప్పులు ఎక్కువగా ఉన్నాయి. ఆలోచనా శక్తికి, ఏకాగ్రతకు సంబంధించిన పరీక్షల్లో అదే రైతు పంటకు ముందు వెనుకబడి, పంట తర్వాత మెరుగయ్యాడు. తెలివి అదే, మనిషీ అతడే. మారింది చేతిలోని డబ్బు, మనసులోని బరువు. ఈ పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది.

ఇది చదివినప్పుడు మనలో ఎవరికైనా పాత సంగతులు గుర్తుకు రాక మానవు. ఇంటి నుంచి "వడ్డీ వాళ్ళు వచ్చి కూర్చున్నారు" అని ఫోను వచ్చిన రోజున పుస్తకం తెరిచినా అక్షరం ఎక్కదు. మార్కులు తగ్గితే "మీకు చదువు మీద ధ్యాస లేదు" అని మాట పడతాం. ధ్యాస ఉంది. అది ఇంటి గడప దగ్గర చిక్కుకొని ఉంది. వసతి గృహంలో వేళకు దొరికే అన్నం, స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు మనకిచ్చినది ఐశ్వర్యం కాకపోవచ్చు. కొన్నేళ్ళపాటు ఆ భయాన్ని మన మీద నుంచి దించి పక్కన పెట్టాయి. ఆ మాత్రం చాలు, మనలో చాలామందిమి మన ఇళ్ళలో మొదటి పట్టభద్రులమయ్యాం.

ఇచ్చేవారి సంతోషం, పుచ్చుకునేవారి సంతోషం

సంతోషం గురించి ఇంకో పరిశోధన కూడా చెప్పుకోవాలి. 2008లో ఎలిజబెత్ డన్, ఆమె సహచరులు కెనడాలో ఒక చిన్న ప్రయోగం చేశారు. కొందరికి కవర్లలో 5 డాలర్లో, 20 డాలర్లో పెట్టి ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. సగం మందికి తమకోసమే ఖర్చు పెట్టుకోమని, సగం మందికి ఇతరులకోసం ఖర్చు పెట్టమని చెప్పారు. సాయంత్రం అడిగితే, ఇతరులకు ఖర్చు పెట్టినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇచ్చింది 5 డాలర్లా, 20 డాలర్లా అన్నది పెద్ద తేడా చూపలేదు.

ఇది మంచి మాటే. మొదటి జీతంతో అమ్మకు చీర కొన్న ఎవరికైనా ఇది పరిశోధన లేకుండానే తెలుసు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కొలిచింది ఇచ్చినవారి సంతోషాన్ని. పుచ్చుకున్నవారి సంగతి ఆ లెక్కలో లేదు. మన దేశంలో సేవ పేరుతో జరిగే చాలా పనుల్లో ఇదే జరుగుతోంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దానివల్ల బడులకు బెంచీలు, ఊళ్ళకు నీటి యంత్రాలు వచ్చాయి. వాటిని మేము కాదనడం లేదు. కానీ బెంచీ మీద కంపెనీ పేరు ఎంత పెద్ద అక్షరాలతో ఉందో చూసినప్పుడు ఒక అనుమానం వస్తుంది. 2 శాతం ఎలా ఖర్చు పెట్టారో చెప్పేవారు, మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారో కూడా చెప్పాలి కదా? కూలీకి సరైన వేతనం ఇవ్వకుండా సంపాదించి, ఆ కూలీ పిల్లవాడి బడికి ఫ్యాను ఇస్తే దాన్ని సమాజసేవ అనగలమా?

అందుకే సామాజిక దృష్టి గల వ్యాపారమంటే లాభాల్లోంచి దానం చేసేది అనుకోకూడదు. సంపాదించే పద్ధతిలోనే పేదవాడికి మేలు జరగాలి. ఈ మాటకు ప్రపంచంలో పేరు తెచ్చినవారు బంగ్లాదేశ్‌కు చెందిన ముహమ్మద్ యూనస్. 1976లో చిట్టగాంగ్ దగ్గరి జోబ్రా గ్రామంలో 42 మందికి కలిపి 27 డాలర్లకు సమానమైన డబ్బు తన జేబులోంచి అప్పు ఇచ్చి ఆయన పని మొదలుపెట్టారు. 1983లో అది గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకు, బ్యాంకుకు కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సామాజిక వ్యాపారానికి ఆయన ఇచ్చిన నిర్వచనం చాలా సులువైనది. వ్యాపారం నష్టపోకూడదు. పెట్టుబడి పెట్టినవాడు తాను పెట్టినంత మాత్రమే వెనక్కి తీసుకోవాలి. పైన వచ్చిన లాభమంతా ఆ పనికే తిరిగి వెళ్ళాలి.

మన గడపకు వచ్చిన అప్పు

ఈ మాటలు ఆచరణలో ఎంత తేలిగ్గా తలకిందులవుతాయో చూడడానికి దూరం వెళ్ళనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశే పెద్ద ఉదాహరణ.

1990ల నుంచి మన పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు పెరిగాయి. అమ్మలు, అక్కలు రోజుకో రూపాయి దాచి, బ్యాంకుల నుంచి అప్పు తెచ్చుకొని, సంతకాలు నేర్చుకొని, తీర్మానాలు రాసుకున్నారు. అదే దారిలో సూక్ష్మరుణ సంస్థలు కూడా వచ్చాయి. వాటిలో పెద్దదైన ఎస్‌కేఎస్, 1990ల చివర మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థగా మొదలైంది. 2005లో లాభాపేక్ష గల కంపెనీగా మారింది. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయల చొప్పున అమ్మి, పబ్లిక్ ఇష్యూ ద్వారా 1,600 కోట్ల రూపాయలకు పైగా సమీకరించింది. పేదలకు అప్పులిచ్చే కంపెనీ షేర్లకోసం ధనికులు ఎగబడ్డారు.

వీళ్ళ వాదన కూడా న్యాయంగా వినాలి. విరాళాల డబ్బుతో వేలమందికి అప్పు ఇవ్వగలం, కోట్లమందికి ఇవ్వాలంటే షేర్ మార్కెట్ డబ్బు కావాలి, లాభం చూపకపోతే ఆ డబ్బు రాదు అన్నది వారి మాట. యూనస్ దీన్ని ఒప్పుకోలేదు. పేదలనుంచి లాభం తీసి షేర్‌హోల్డర్లకు పంచే పని వడ్డీ వ్యాపారం వైపే పోతుందని ఆయన హెచ్చరించారు.

వివాదం అప్పటికి కొత్తది కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ళ పద్ధతుల మీద ఫిర్యాదులు వచ్చి, అధికారులు కొన్ని సంస్థల శాఖలను మూయించారు. 2010 నాటికి ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చిన సందర్భాలు వెలుగులోకి వచ్చాయి. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. వాయిదా నెలకోసారి కాదు, వారం వారం. ఐదుగురు ఆడవాళ్ళను ఒక గ్రూపుగా చేసి, ఒకరు కట్టలేకపోతే మిగిలిన నలుగురూ కట్టాలన్నారు. పేదవాడి దగ్గర తాకట్టు పెట్టడానికి భూమి లేదు, బంగారం లేదు. అందుకని ఇరుగుపొరుగు మధ్య ఉన్న నమ్మకాన్నే తాకట్టు పెట్టించుకున్నారు. వాయిదా తప్పినరోజు తలుపు దగ్గర తిట్టేది కంపెనీ మనిషి ఒక్కడే కాదు, నిన్నటిదాకా చారు గిన్నె ఇచ్చిపుచ్చుకున్న పక్కింటి వదిన కూడా. బలవన్మరణాల వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. తమ వసూళ్ళే కారణమన్న ఆరోపణను కంపెనీలు ఒప్పుకోలేదు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, వసూళ్ళు నెలకోసారే ఉండాలంది, ఇంటికి వెళ్ళకుండా బహిరంగ ప్రదేశంలో వసూలు చేయాలంది, వడ్డీ అసలును మించరాదంది.

దాంతో కథ సుఖాంతమైందా? కాలేదు. వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. ఆ కంపెనీలకు ఇతర రాష్ట్రాల్లో కూడా డబ్బు కొరత వచ్చింది. అలా అప్పులు తగ్గిన జిల్లాల్లో కూలి రేట్లు, కుటుంబాల ఖర్చు తగ్గాయని 2021లో అచ్చయిన బ్రెజా, కిన్నన్ల పరిశోధన చూపింది. అంటే అప్పు అసలే లేకపోవడం కూడా పేదవాడికి మేలు కాదు.

మరి అప్పు ఉన్నప్పుడు ఎంత మేలు జరిగింది? దీనికీ మన హైదరాబాదులోనే జవాబు దొరికింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు నగరంలోని 104 బస్తీలను తీసుకొని, సగం బస్తీల్లో స్పందన అనే సంస్థ అప్పులు మొదలుపెట్టాక ఏం జరిగిందో ఏళ్ళ తరబడి గమనించారు. కొందరి చిన్న వ్యాపారాలు కొంత పెరిగాయి. ఇంటికి పనికొచ్చే వస్తువులు కొన్నారు. పొగాకు, పాన్ వంటి చిల్లర ఖర్చులు తగ్గించుకున్నారు. కానీ కుటుంబాల మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ళ స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పుతోనే పేదరికం పోతుందన్న ప్రచారం ఎంత పెద్దదో, ఫలితం అంత చిన్నది.

ఇదంతా పాత కథ అని పక్కన పెట్టడానికి లేదు. 2011 చివర రిజర్వు బ్యాంకు ఈ అప్పుల మీద వడ్డీ 26 శాతం మించరాదని పెట్టిన పరిమితి తర్వాత మారుతూ వచ్చి, 2022లో పూర్తిగా తొలగిపోయింది. రేటు నిర్ణయం కంపెనీల బోర్డులకు వెళ్ళింది. వాయిదాలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం మించకూడదన్న నియమం మాత్రం పెట్టారు. 2023 ఫిబ్రవరిలో, రిజర్వు బ్యాంకు కింద నమోదైన సంస్థలకు పాత రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు చెప్పింది. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఆ తలుపులు తట్టబోయేది ఎవరు? ఇక్కడే ఈ విషయం మనది అవుతోంది. డిగ్రీ ముగించిన మన సీనియర్లలో కొందరికి తొందరగా దొరికిన ఉద్యోగం ఇలాంటి సంస్థల్లో ఫీల్డ్ స్టాఫ్ పనే. బైకు ఉండాలి, ఊళ్ళ దారులు తెలియాలి, మన భాషలో మాట్లాడాలి. ఇవన్నీ మనకు ఉన్నాయి. పొద్దున్నే అమ్మలాంటి ఆవిడ ఇంటి ముందు నిలబడి, వాయిదా ఇచ్చేదాకా కదలనని చెప్పడం ఆ పనిలో భాగం. వాళ్ళను తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఆ జీతంతోనే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఒక ఇంటి భయం తీరడానికి ఇంకో ఇంటికి భయం మోసుకెళ్ళవలసి వచ్చింది. ఆ పద్ధతిని తయారుచేసినవారు మాత్రం ఎవరి గడప దగ్గరా నిలబడరు.

చెడ్డ నెల ఎవరు మోయాలి?

అయితే మంచి వ్యాపారాన్ని గుర్తుపట్టడం ఎలా? ప్రకటనలు చూస్తే అన్నీ సేవే. మాకు తోచిన ప్రశ్నలు రెండు. వచ్చిన లాభం ఎటు పోతోంది? చెడ్డ నెల వచ్చినప్పుడు ఆ దెబ్బ ఎవరి మీద పడుతోంది? రెండో ప్రశ్న మరీ ముఖ్యం. పేదవాడి జీవితంలో చెడ్డ నెల రాకుండా ఉండదు. వాన పడదు, గేదె చస్తుంది, జ్వరం వస్తుంది. ఆ నెలలో మనిషిని నిలబెట్టేది మంచి వ్యాపారం. ఆ నెలలోనే పీక పట్టుకునేది వడ్డీ వ్యాపారం, బోర్డు మీద ఏ పేరు రాసుకున్నా సరే.

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి తీసుకుందాం. డాక్టర్ జి. వెంకటస్వామి గారు కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే శస్త్రచికిత్సలు చేసినవారు. ప్రభుత్వ ఉద్యోగంలో పదవీ విరమణ చేశాక, 1976లో, 11 పడకలతో దీన్ని ప్రారంభించారు. డబ్బున్నవారు ఇచ్చే ఫీజుతోనే లేనివారికి ఉచితంగా చికిత్స జరుగుతుంది. ఉచిత విభాగానికి వెళ్ళాలా, ఫీజు కట్టాలా అన్నది రోగి ఇష్టం. ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగరు. ఆ పత్రంకోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగిన మనకు ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. విదేశీ కంటి కటకాలు ఖరీదని, 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసి ధరను ఎన్నో రెట్లు తగ్గించారు. మన హైదరాబాదులో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా కట్టగలిగినవారి దగ్గర ఫీజు తీసుకొని, దాదాపు సగం మందికి ఉచితంగా వైద్యం చేస్తూ పేరు తెచ్చుకుంది. చెడ్డ నెలలో చూపు పోయిన కూలీకి ఇక్కడ తలుపు మూసుకోదు.

1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి, డాబా మీద అప్పడాలు ఒత్తారు. అదే లిజ్జత్ పాపడ్. తర్వాతి రోజుల్లో నలభై వేలకు పైగా మహిళలు అందులో పనిచేశారు. అక్కడ పనిచేసే ప్రతి మహిళా యజమానే. అందరూ 'బెహన్' అని పిలుచుకుంటారు. లాభమైనా నష్టమైనా అందరూ పంచుకుంటారు. విరాళాలు తీసుకోరు. మొదలుపెట్టినవారిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.

మన పక్కనే ముల్కనూరు ఉంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఈ ఊళ్ళో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి చొరవతో సహకార సంఘం పుట్టింది. సభ్యులకు అప్పు ఇస్తుంది, విత్తనాలు, ఎరువులు ఇస్తుంది, పండిన పంట తానే కొంటుంది. మిగులు సభ్యులకే చేరుతుంది. 2002లో అక్కడి మహిళలు సొంతంగా పాల డెయిరీ పెట్టుకున్నారు. పాలు పోసేవారే సభ్యులు, సభ్యులే యజమానులు. సహకార సంఘాలన్నీ ఇలాగే ఉన్నాయని మేము చెప్పడం లేదు. రాజకీయ నాయకుల చేతుల్లో పడి బోర్డు మాత్రం మిగిలిన సంఘాలు ఎన్ని ఊళ్ళలో లేవు? లెక్కలు సభ్యులు అడిగినచోట సంఘం బతికింది. అడగనిచోట చచ్చింది.

ఈ ఉదాహరణల్లో ఏదీ లాభాన్ని అసహ్యించుకోలేదు. అరవింద్ కూడా మిగులుతోనే పెరిగింది, లిజ్జత్ కూడా. లాభం పాపమని మనం అనుకుంటే, వ్యాపారమంతా ఎప్పటిలాగే ఇతరుల చేతుల్లోనే ఉండిపోతుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ గారు కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి వచ్చి, బొంబాయిలో పెట్టుబడుల సలహా సంస్థ పెట్టుకుంటే, ఆయన కులం తెలిసి ఖాతాదారులు రావడం మానేశారని ఆయన చరిత్ర చెబుతోంది. రూపాయి సమస్య మీద 1923లో గ్రంథం ప్రచురించిన మేధావికే ఈ అనుభవం ఎదురైంది. మార్కెట్టుకు కులం తెలియదనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కాబట్టి మనలోంచి వ్యాపారులు రావాలి. యజమానులు రావాలి. వచ్చాక మనల్ని భయపెట్టిన పద్ధతినే మన చేతిలోకి తీసుకోకుండా ఉండాలి.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉద్యోగం వచ్చినప్పుడు జీతం ఎంత అని తప్పకుండా అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. దాంతోపాటు, ఆ సంస్థకు డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది, చెడ్డ నెలలో వాళ్ళను ఏం చేస్తోంది అని కూడా అడగండి. అవసరం మెడ మీద ఉండి, ఆ ఉద్యోగమే చేయవలసి రావచ్చు. అప్పుడు కూడా ఆ ప్రశ్నను మరచిపోవద్దు. రేపు మీరే మేనేజరైతే, వాయిదా ఒక నెల వెనక్కి జరిపే అధికారం మీ చేతిలోకి రావచ్చు.

ఇంకో చిన్న పని మనం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ప్రతి ఏడాది పరీక్ష ఫీజుల రోజుల్లో మనలో పదిమందైనా బయట నూటికి మూడు, ఐదు వడ్డీకి తెచ్చుకోవడమో, ఇంట్లో ఉన్న మేకను తొందరపడి అమ్మించడమో చేస్తున్నారు. ఉద్యోగాల్లో చేరిన పూర్వ విద్యార్థులు నెలకు వంద రూపాయలు వేసినా ఒక నిధి తయారవుతుంది. దానికి మేము ప్రతిపాదించే నియమాలు ఇవి. వడ్డీ ఉండదు. స్నేహితుల హామీ అడగరు, ఒకరి బాకీ ఇంకొకరి మెడకు చుట్టరు. స్కాలర్‌షిప్పు పడ్డాక తిరిగి కట్టాలి, పడకపోతే గడువు పొడిగించాలి. తీసుకున్నవారి పేరు బయట పెట్టకూడదు. నిధి లెక్క మాత్రం ప్రతి నెలా నోటీసు బోర్డు మీద అంటించాలి. కమిటీలో సగం మంది ఇప్పుడు ఇక్కడ చదువుతున్నవారే ఉండాలి.

ఇది వ్యాపారం కాకపోవచ్చు. కానీ వ్యాపారం నేర్చుకోవడానికి మంచి బడి. డబ్బు లెక్క తప్పకుండా చూసుకుంటూనే మనిషిని బెదిరించకుండా ఉండడం సాధ్యమేనా అన్నది ఇక్కడ తేలిపోతుంది. తేలితే, ఆ అనుభవంతో రేపు మనం పెట్టే దుకాణమైనా, డెయిరీ అయినా, కంపెనీ అయినా నడపవచ్చు. ఈ వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులందరికీ మా విన్నపం ఒక్కటే. సభ ముగిశాక వెంటనే వెళ్ళిపోకండి. భోజనాల తర్వాత ఒక అరగంట కూర్చోండి. మొదటి పుస్తకం, మొదటి వంద రూపాయలు మేము సిద్ధంగా పెట్టుకొని ఉంటాం.